సిసిలీని ఏలిన నార్మన్ రాజులు ఏ హక్కుతో సింహాసనమెక్కారు?

దక్షిణ ఇటలీనీ సిసిలీ ద్వీపాన్నీ కలిపి ఏలిన నార్మన్ రాజవంశం, అంటే ఓట్‌విల్ వంశం గురించి మీరు మూడు సంగతులు అడిగారు. రాజుల పట్టికలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగడం లేదన్నది మొదటిది. దక్షిణ ఇటలీలోని లెచ్చె పట్టణానికి కౌంట్ (సామంత ప్రభువు) అయిన టాంక్రెడ్‌ను కొందరు రాజుగానూ కొందరు గద్దెను కాజేసినవాడిగానూ రాస్తున్నారు, ఏది సరి అన్నది రెండోది. పన్నెండుమంది కొడుకులున్న ఇంటి నుంచి వచ్చిన వంశం 1130లో కిరీటం పెట్టుకుని 1194 నాటికే ఎలా అంతరించిందన్నది మూడోది. ఈ మూడింటికీ మూలం ఒక్కటే కాబట్టి విడివిడిగా కాక కలిపి చెబుతాను.

ఆ మూలం ఏమిటంటే, సిసిలీ నార్మన్ రాజ్యంలో ఎవరి తర్వాత ఎవరు రావాలో తేల్చే శాసనం ఎన్నడూ లేదు. రాజు కావడానికి రక్తసంబంధం కావాలి, ముందున్న రాజు తన నోటితో ఫలానావాడు నా వారసుడు అని చెప్పి ఉండాలి, పలెర్మోలో పెద్దలూ ప్రజలూ జేకొట్టాలి, ఈ భూమికి తానే అధిపతినని భావించే పోప్ ఆమోదించాలి. ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర కలిసినప్పుడు పట్టాభిషేకం చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. అవి ఇద్దరి మధ్య చీలిపోయినప్పుడు కత్తి తీర్పు చెప్పింది. 1127లో అలా చీలినప్పుడు లాభపడింది ఈ వంశమే. 1189లో చీలినప్పుడు నష్టపోయిందీ ఈ వంశమే. రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా టాంక్రెడ్ గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ముందుగా పేర్ల చిక్కు విప్పుకోవాలి. ఈ కుటుంబంలో రోజర్‌లు, విలియంలు, టాంక్రెడ్‌లు లెక్కకు మించి ఉన్నారు. నార్మండీలోని కోతాంతాన్ ప్రాంతంలో చిన్న భూస్వామి అయిన ఓట్‌విల్ టాంక్రెడ్ మూలపురుషుడు. ఇద్దరు భార్యల వల్ల అతనికి పన్నెండుమంది కొడుకులు. అంతమందికి పంచడానికి భూమి చాలదు కాబట్టి చాలామంది కిరాయి సైనికులుగా దక్షిణ ఇటలీకి వలస వెళ్లారు. అక్కడ మొదట ‘ఉక్కుచేయి’ విలియం, 1046లో అతను పోయాక ద్రోగో, 1051లో ద్రోగో హత్యకు గురయ్యాక హంఫ్రీ, 1057లో అతను కన్నుమూశాక రాబర్ట్ గిస్కార్ వరుసగా ఇటలీ ఆగ్నేయ భాగమైన అపూలియాలోని నార్మన్లకు నాయకులయ్యారు. హంఫ్రీకి కొడుకులు ఉన్నా నాయకత్వం తమ్ముడికే వెళ్లింది. శత్రువుల నడుమ బతుకుతున్న గుంపుకు పసివాడు నాయకుడిగా పనికిరాడు, యుద్ధం నడపగల మగవాడు కావాలి అన్నది వీళ్ల తొలి వారసత్వ నియమం.

గిస్కార్ ఇల్లు మరో పాఠం చెబుతుంది. 1059లో మెల్ఫీలో జరిగిన సభలో రెండో నికోలస్ పోప్ అతన్ని అపూలియా, కలాబ్రియాలకూ, అప్పటికి ఇంకా ముస్లింల చేతిలోనే ఉన్న సిసిలీకీ డ్యూక్‌గా గుర్తించాడు. పోప్ చేతి మీదుగా హక్కు పొందడం అనే అలవాటు అక్కడ మొదలైంది. గిస్కార్ మొదటి భార్య అల్బెరాదా, ఆమె కొడుకు బోహెమండ్. దగ్గరి చుట్టరికం ఉందన్న కారణం చూపి గిస్కార్ ఆ పెళ్లిని రద్దు చేయించుకుని, సలెర్నో లొంబార్డు రాజవంశానికి చెందిన సికెల్‌గైతాను కట్టుకున్నాడు. పెళ్లి రద్దు కావడంతో బోహెమండ్ పెద్దకొడుకై ఉండి కూడా వెనక్కు వెళ్లిపోయాడు. 1085లో గిస్కార్ కెఫలోనియా ద్వీపంలో కన్నుమూయగా డ్యూక్ పదవి సికెల్‌గైతా కొడుకు రోజర్ బోర్సాకు దక్కింది. బోహెమండ్ తమ్ముడితో పోరాడి కొంత భూమి సంపాదించుకుని, తర్వాత మొదటి క్రూసేడ్‌తో తూర్పుకు వెళ్లి అంతియోక్‌లో సొంత రాజ్యం కట్టుకున్నాడు. ధర్మపత్ని కొడుకా కాదా అన్న ప్రశ్న ఈ కుటుంబంలో పెద్దాచిన్నా తేడా కంటే బలమైనదని అప్పుడే తేలింది.

పన్నెండుమందిలో చివరివాడైన రోజర్ సిసిలీని గెలిచాడు. 1072 జనవరిలో అన్న గిస్కార్‌తో కలిసి పలెర్మోను పట్టాడు, 1091లో చివరి కోట నోతో అతని వశమైంది. చరిత్రలో మొదటి రోజర్ అంటే ఇతనే. ఇతను రాజు కాదు, కౌంట్ మాత్రమే. పట్టికలు చూసి గందరగోళపడేవారు ఇది గుర్తుంచుకోవాలి. రాజుల వరుసలో మొదటివాడు రెండో రోజర్, ఆ ‘రెండో’ అనే అంకె కౌంట్ల లెక్కతో కలిపి వచ్చింది. మొదటి రోజర్‌కు జోర్డన్ అనే సమర్థుడైన కొడుకు ఉండేవాడు గానీ అతను పెళ్లాడిన భార్యకు పుట్టినవాడు కాదు, పైగా 1092లోనే పోయాడు. 1101లో మిలేతోలో తండ్రి కన్నుమూసేనాటికి మిగిలిన వారసులు మూడో భార్య అడలైడ్ కన్న పసివాళ్లు సైమన్, రోజర్. సైమన్ 1105లో చనిపోయాడు. 1112లో రోజర్ యుక్తవయస్సుకు వచ్చేవరకు అడలైడే రాజ్యం నడిపింది. ఆమె పాలించిన తీరు చూస్తే, ఈ వంశాన్ని మగవాళ్లు కత్తితో కట్టారనీ, దాన్ని కూలిపోకుండా నిలబెట్టింది మాత్రం ఎక్కువసార్లు విధవరాళ్లేననీ అనిపిస్తుంది.

కొడుక్కు అధికారం అప్పగించాక 1113లో అడలైడ్ జెరూసలేం రాజు మొదటి బాల్డ్విన్‌ను పెళ్లాడింది. వాళ్లకు పిల్లలు పుట్టకపోతే జెరూసలేం రాజ్యం రోజర్‌కు చెందాలని షరతు రాసుకున్నారు. ఆమె తెచ్చిన ధనం ఖర్చయిపోయాక, బాల్డ్విన్‌కు వేరే భార్య బతికే ఉందన్న కారణంతో 1117లో ఆ పెళ్లిని తోసిపుచ్చారు. అవమానంతో తిరిగివచ్చిన అడలైడ్ మరుసటి ఏడే పత్తీలో మరణించింది. రోజర్‌కు ఈ అవమానం జీవితాంతం మనసులో ఉండిపోయింది. పెళ్లి ఒప్పందంతో రాజ్యం సంపాదించవచ్చనే ఆశ ఈ వంశానికి అక్కడ తగిలింది. రెండు తరాల తర్వాత అటువంటి ఒప్పందమే వీళ్ల రాజ్యాన్ని పరాయివాళ్లకు ఇచ్చింది.

ఇక 1127కు వద్దాం. రోజర్ బోర్సా కొడుకు విలియం, అపూలియా డ్యూక్, ఆ ఏడు జూలైలో సలెర్నోలో నిస్సంతుగా చనిపోయాడు. రెండో రోజర్ అతనికి వరసకు చిన్నాన్న. అంతకంటే దగ్గరివాడు అంతియోక్‌లో ఉన్న రెండో బోహెమండ్, అంటే సాక్షాత్తు పెదనాన్న కొడుకు. రక్తసంబంధమే కొలమానమైతే అపూలియా బోహెమండ్‌ది. చనిపోయిన డ్యూక్ ఎవరికి మాట ఇచ్చాడంటే, తనకే ఇచ్చాడని రోజర్ వాదించాడు, చర్చికి రాసి పోయాడని మరో పక్షం వాదించింది. పోప్ రెండో హొనోరియస్ అయితే, వారసుడు లేని భూమి తనకే తిరిగి రావాలన్నాడు. రోజర్ ఈ వాదాలు తేలేదాకా ఆగలేదు. వార్త అందిన వెంటనే ఓడలెక్కి సలెర్నో చేరి, ఆ నగరానికి పాత హక్కులు కాపాడతానని మాట ఇచ్చి తలుపులు తెరిపించుకున్నాడు. పోప్ వెలివేశాడు, సేనలు కూడగట్టాడు, చివరికి ఆ సేనలు విసిగి చెదిరిపోవడంతో 1128 ఆగస్టులో బెనెవెంటో బయట రోజర్‌నే డ్యూక్‌గా గుర్తించక తప్పలేదు. బోహెమండ్ 1130లో కిలికియా యుద్ధంలో చనిపోయాడు గనుక ఆ వాదం అక్కడితో ఆగిపోయింది. ఇంతటితో రోజర్ హక్కు స్థిరపడింది. దానికి బలం మాత్రం మొదట కాలు మోపినవాడు కావడమే.

కిరీటం కూడా ఇలాంటి అవకాశం వల్లే వచ్చింది. 1130 ఫిబ్రవరిలో ఒకే రోజున రోమ్‌లో ఇద్దరు పోప్‌లు ఎన్నికయ్యారు, రెండో ఇన్నోసెంట్, రెండో అనక్లెటస్. ఫ్రాన్స్, ఇంగ్లండ్, జర్మనీ ఇన్నోసెంట్ వైపు నిలిచాయి. అండ కోసం వెతుకుతున్న అనక్లెటస్ సెప్టెంబరు 27న రోజర్‌కూ అతని వారసులకూ సిసిలీ, అపూలియా, కలాబ్రియాలకు రాజపదవి ఇస్తూ శాసనం రాశాడు. ఆ ఏడు క్రిస్మస్ రోజున, 1130 డిసెంబరు 25న, పలెర్మో ప్రధాన ఆలయంలో పట్టాభిషేకం జరిగింది. అనక్లెటస్ ఓడిపోయిన పక్షం కాబట్టి అతనిచ్చిన కిరీటం చెల్లదని జర్మన్ చక్రవర్తులు చాలాకాలం అంటూనే వచ్చారు. 1139 జూలైలో గల్లుచ్చో దగ్గర యుద్ధంలో ఇన్నోసెంట్ పోప్ స్వయంగా రోజర్ కొడుకు చేతికి చిక్కాడు. మూడు రోజుల్లో మిన్యానో ఒప్పందం ద్వారా ఆయనే రోజర్‌ను రాజుగా అంగీకరించాడు. బందీగా ఉన్న పోప్ చేసిన సంతకం అది.

తన రాజ్యాధికారం ఎక్కడినుంచి వచ్చిందని రోజర్ నమ్మాడో తెలుసుకోవాలంటే పలెర్మోలో మర్తోరానా అని పిలిచే చిన్న చర్చిలోని మొజాయిక్ (రంగు ముక్కలు పొదిగిన గోడచిత్రం) చూడాలి. రోజర్ నౌకాదళాధిపతి, అంతియోక్‌కు చెందిన జార్జ్ కట్టించిన గుడి అది. అందులో రోజర్ బైజాంటియం (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి ధరించే బంగారు పట్టెడ దుస్తుల్లో, తల కొద్దిగా వంచి నిలబడి ఉంటాడు. క్రీస్తు అతనికంటే ఎత్తుగా నిలిచి కుడిచేత్తో కిరీటాన్ని అతని తలమీద పెడుతుంటాడు. ఇద్దరి ముఖాలూ, గడ్డాలూ ఒకే పోలికలో ఉంటాయి. రోజర్ తలపక్కన ‘రోజెరియోస్ రెక్స్’ అని లాటిన్ మాటను గ్రీకు అక్షరాల్లో పొదిగారు. ఆ చిత్రంలో పోప్ లేడు, బిషప్ లేడు, జేకొట్టే జనమూ లేరు. కిరీటం ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య మనిషి లేడు. రెండుసార్లు పోప్‌ల చేత బలవంతంగా హక్కు రాయించుకున్న రాజుకు ఆ చిత్రం ఎందుకంత అవసరమైందో సులువుగానే అర్థమవుతుంది.

రోజర్ మొదటి భార్య, కాస్తీల్ రాజకుమార్తె ఎల్విరా, 1135లో చనిపోయింది. అతను దుఃఖంతో ఎవరికీ కనబడకుండా ఉండిపోవడంతో రాజు కూడా పోయాడన్న పుకారు పుట్టి ప్రధాన భూభాగంలో తిరుగుబాటు లేచింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు అతను మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు. కొడుకులు ఉన్నారు కదా అన్న ధీమా అది. కానీ చిన్నవాడు హెన్రీ పసితనంలోనే పోయాడు. బారీకి అధిపతి అయిన టాంక్రెడ్ 1130ల చివరికి పోయాడు. కపువా అధిపతి అల్ఫాన్సో 1144లో పోయాడు. యువరాజు రోజర్, అపూలియా డ్యూక్, యుద్ధాల్లో రాటుదేలినవాడు, 1148లో పోయాడు. మిగిలింది రాజ్యపాలనలో ఏ తరిఫీదూ పొందని నాలుగో కొడుకు విలియం ఒక్కడే. ముసలి రాజు కంగారు తేదీల్లోనే కనిపిస్తుంది: 1149లో బుర్గుండీ సిబిల్లాను పెళ్లాడాడు, మరుసటి ఏడు ఆమె చనిపోయింది, 1151లో విలియంను తనతోపాటు సహరాజుగా పట్టం కట్టించాడు, అదే ఏడు రెతెల్ బియాట్రిస్‌ను పెళ్లాడాడు. విలియం పట్టాభిషేకానికి పోప్ అనుమతి అడగలేదు, ఆ కోపం పోప్‌లకు చాలాకాలం ఉంది. రోజర్ 1154 ఫిబ్రవరి 26న కన్నుమూశాడు. బియాట్రిస్ అప్పటికి గర్భవతి. ఆ ఏడు నవంబరులో తండ్రి ముఖం చూడని ఆడపిల్ల పుట్టింది. ఆమే కాన్‌స్టన్స్.

మీ మూడో ప్రశ్నకు అసలు జవాబు పై పేరాలోనే ఉంది. ఓట్‌విల్ వంశం అంతరించడానికి బీజం 1194లో పడలేదు, 1138కీ 1148కీ మధ్య ఆ పదేళ్లలో పడింది. యువరాజు రోజర్‌కు పెళ్లాడిన భార్య వల్ల సంతానం లేదు. లెచ్చె కౌంట్ కుమార్తెతో పెళ్లి కాకుండానే పుట్టిన కొడుకు ఒకడున్నాడు, అతనే మీరు అడిగిన టాంక్రెడ్. తల్లిదండ్రులకు పెళ్లి జరిగి ఉంటే రెండో రోజర్ తర్వాత రాజయ్యే మొదటి హక్కు అతనిదే అయ్యేదని వాదించడానికి వీలుండేది.

మొదటి విలియంను తరువాతి కాలంవాళ్లు ‘చెడ్డవాడు’ అన్నారు. అతను అంత చెడ్డవాడని నేను అనుకోను. దర్బారును వదిలి అంతఃపురంలో గడిపే స్వభావం, పాలనంతా బారీకి చెందిన మాయో అనే మంత్రికి వదిలేయడం, బరువైన పన్నులు అతనికి ఆ పేరు తెచ్చాయి. అతని కాలంలో వారసత్వానికి సంబంధించి జరిగిన ముఖ్యమైన పని 1156 బెనెవెంటో ఒప్పందం. పోప్ నాలుగో ఏడ్రియన్ అందులో విలియంనూ అతని కొడుకు రోజర్‌నూ గుర్తించడమే కాక, రాజు తన ఇష్టప్రకారం నియమించే వారసులకూ ఆ హక్కు వర్తిస్తుందని ఒప్పుకున్నాడు. అంటే రాజు ఎవరిని చూపిస్తే వాళ్లు రాజు కావచ్చు. కాన్‌స్టన్స్ విషయంలో ఈ వాక్యం ఎంత బలమైన ఆధారమో కాసేపట్లో చూస్తాం.

1160 నవంబరులో మాయోను పలెర్మో వీధిలో హత్య చేశారు. 1161 మార్చి 9న కుట్రదారులు రాజభవనం చెరసాలలోని ఖైదీలను విడిపించి రాజును పట్టుకున్నారు. ఆ కుట్రలో ఇద్దరు ఇంటివాళ్లున్నారు: తండ్రి ఇచ్చిన టరంటోను అన్న లాక్కున్నాడని రగిలిపోతున్న సైమన్, ఇతను రెండో రోజర్‌కు పెళ్లికాని తల్లి వల్ల పుట్టిన కొడుకు; రెండోవాడు లెచ్చె టాంక్రెడ్. భవనంలో దోపిడి సాగింది. ఖజానా బంగారం వీధుల్లోకి పోయింది, భూముల పన్నుల దస్తావేజులు తగలబడ్డాయి, ముస్లిం ఉద్యోగులనూ వర్తకులనూ దొరికినవాళ్లను దొరికినట్టు చంపారు. ఆ తర్వాత కుట్రదారులు తొమ్మిదేళ్ల రాజకుమారుడు రోజర్‌ను గుర్రమెక్కించి, ఇతడే మీ రాజు అని నగరమంతా ఊరేగించారు. తిరుగుబాటుదారులు సైతం ఓట్‌విల్ రక్తం లేనివాడికి పట్టం కట్టే సాహసం చేయలేదు, తండ్రిని దించి కొడుకును ఎక్కించాలనే చూశారు. మూడో రోజుకు బిషప్‌లు పూనుకోవడంతో జనం మనసు మారింది, రాజును విడిచిపెట్టక తప్పలేదు. కానీ ఆ గలభాలో తగిలిన బాణం దెబ్బకు ఆ పిల్లవాడు చనిపోయాడు. టాంక్రెడ్ దేశం విడిచిపోయి కాన్‌స్టాంటినోపుల్ చేరాడు.

1166 మే 7న మొదటి విలియం కన్నుమూయగా పన్నెండేళ్ల రెండో విలియంకు పలెర్మోలో పట్టం కట్టారు. సలెర్నో ఆర్చిబిషప్ రొముఆల్డ్ కిరీటం పెట్టాడు. తల్లి, నవార్ రాజకుమార్తె మార్గరెట్, 1171 వరకు రాజ్యభారం మోసింది. తన బంధువు స్తెఫాన్ ద్యు పెర్ష్‌ను ఫ్రాన్స్ నుంచి రప్పించి చాన్సలర్‌ను చేయడం ఆమె చేసిన పెద్ద తప్పు, 1168లో మెస్సీనా, పలెర్మో జనం తిరగబడి అతన్ని వెళ్లగొట్టారు. ఆ అలజడిలో కూడా బాలరాజు హక్కును ఎవరూ ప్రశ్నించలేదు. తమ్ముడు హెన్రీ 1172లో చనిపోవడంతో వంశంలో సక్రమ సంతానమైన మగవాడు రెండో విలియం ఒక్కడే మిగిలాడు.

1177 ఫిబ్రవరిలో అతను ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కూతురు జోన్‌ను పెళ్లాడాడు. ఆమెకు అప్పటికి 11 ఏళ్లు. బతికిబట్టకట్టిన సంతానం వాళ్లకు లేదు. 1184 అక్టోబరులో, జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా కొడుకు హెన్రీకి తన మేనత్త కాన్‌స్టన్స్‌ను ఇవ్వడానికి విలియం నిశ్చయించాడు. కాన్‌స్టన్స్ వయసు దాదాపు 30, వరుడు ఆమెకంటే పదకొండేళ్లు చిన్న. 1186 జనవరి 27న మిలాన్‌లో పెళ్లి జరిగింది. రాజు నిస్సంతుగా పోతే కాన్‌స్టన్స్‌కు కట్టుబడి ఉంటామని రాజ్యంలోని ప్రముఖులు త్రోయాలో ప్రమాణం చేశారని ఆ కాలపు చరిత్రకారులు రాశారు.

ఈ పెళ్లి విలియం చేసిన మూర్ఖపు పని అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. నిశ్చయమైన నాటికి విలియంకు 30 ఏళ్లు, జోన్‌కు 19. పిల్లలు పుట్టరని అనుకోవడానికి ఆ వయసులో కారణం లేదు. మరోవైపు అతను బైజాంటియం మీద దండయాత్రకు సన్నాహాలు చేస్తున్నాడు, 1185లో అతని సేనలు థెస్సలొనీకా పట్టుకున్నాయి కూడా. అటువంటి సమయంలో ఉత్తరపు సరిహద్దు నిశ్చింతగా ఉండాలి. పైగా 1130 నుంచి ఓట్‌విల్ కిరీటాన్ని దొంగసొత్తుగా చూసిన జర్మన్ చక్రవర్తే పిల్లనడగడం అంటే, ఆ కిరీటాన్ని చివరికి ఒప్పుకున్నట్టే. నష్టం దూరపు సంభావ్యత, లాభం కళ్లముందుంది. అతను 36 ఏళ్లు నిండకుండానే, 1189 నవంబరు 18న, చనిపోవడం ఎవరూ లెక్కలోకి తీసుకోలేనిది.

ఆ రోజున నాలుగు ఆధారాలూ చీలిపోయాయి. సక్రమ జన్మ, రాజు మాట, ప్రముఖుల ప్రమాణం కాన్‌స్టన్స్ వైపున్నాయి. కానీ ఆమె జర్మనీలో ఉంది, ఆమెతోపాటు వచ్చేది జర్మన్ సైన్యం. పలెర్మోలో ఉపచాన్సలర్ అజెల్లో మథ్యూ నాయకత్వంలోని వర్గం, ఇప్పటికే క్షమాపణ పొంది తిరిగివచ్చి నౌకాయాత్రలకు నాయకత్వం వహించిన లెచ్చె టాంక్రెడ్‌ను ముందుకు తెచ్చింది. ప్రధాన భూభాగపు సామంతులు కొందరు ఆండ్రియా కౌంట్ రోజర్‌ను బలపరిచారు గానీ అతను త్వరలోనే పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. 1190 జనవరిలో టాంక్రెడ్‌కు పలెర్మోలో పట్టాభిషేకం జరిగింది. తన భూములకు ఉత్తరానా దక్షిణానా ఒకే జర్మన్ ప్రభువు వచ్చి కూర్చుంటాడన్న భయంతో పోప్ మూడో క్లెమెంట్ కూడా మద్దతు ఇచ్చాడు. 1156 నాటి ఒప్పందంలోని మాటలు కాన్‌స్టన్స్‌కు అనుకూలంగా ఉండగా, ఆ ఒప్పందం చేసిన పోప్ పీఠమే టాంక్రెడ్ వైపు మొగ్గింది.

కాబట్టి టాంక్రెడ్ దురాక్రమణదారుడా అంటే, చట్టం దృష్టిలో అతని హక్కు బలహీనమైనది, ప్రమాణభంగం అతని మీద ఉంది. అయినా రెండో రోజర్‌కు మనుమడు, పలెర్మో ఆమోదం పొందినవాడు, పట్టాభిషిక్తుడు, పోప్ గుర్తించినవాడు. 1127లో అతని తాత సలెర్నోలో దిగినప్పుడు ఇంతకన్నా ఎక్కువ హక్కు ఏమీ లేదు. తాతను రాజ్యస్థాపకుడని, మనుమడిని దొంగ అని పిలవడానికి తేడా గెలుపోటములు తప్ప మరొకటి కాదు. జర్మన్ పక్షపు కవి అతన్ని కోతిగా, పొట్టివాడిగా వెక్కిరిస్తూ పద్యాలు రాశాడు. మన దాకా వచ్చిన దురభిప్రాయంలో పెద్ద భాగం ఆ పద్యాలదే. నేనైతే అతన్ని రాజుల పట్టికలోనే ఉంచుతాను.

అతనికి ఊపిరి సలపని నాలుగేళ్లు గడిచాయి. 1190 సెప్టెంబరులో క్రూసేడ్‌కు వెళుతూ మెస్సీనాలో దిగిన ఇంగ్లండ్ రాజు రిచర్డ్, విధవరాలైన చెల్లెలు జోన్‌కు రావలసిన భరణం అడిగి, అక్టోబరు 4న ఆ నగరాన్నే కొల్లగొట్టాడు. టాంక్రెడ్ జోన్ కోసం 20,000 ఔన్సుల బంగారం, తన కూతురికి రిచర్డ్ తమ్ముడి కొడుకైన ఆర్థర్‌తో కుదిర్చిన పెళ్లి కోసం మరో 20,000 ఔన్సులు ఇచ్చి స్నేహం కొనుక్కున్నాడు. 1191లో చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్న ఆరో హెన్రీ నేపుల్స్‌ను ముట్టడించాడు. భార్య హక్కుతో పాటు, ఈ భూమి అనాదిగా సామ్రాజ్యానిదే అన్న వాదాన్నీ అతను ముందుకు తెచ్చాడు. ఆ రెండో వాదం ప్రకారం ఓట్‌విల్ కిరీటమే అక్రమం, అలాంటప్పుడు ఆ కిరీటానికి భార్య వారసురాలు ఎలా అవుతుంది? హెన్రీ ఆ వైరుధ్యాన్ని పట్టించుకోలేదు.

సైన్యంలో అంటురోగం చెలరేగి హెన్రీ వెనుదిరిగాడు. సలెర్నోలో ఉండిపోయిన కాన్‌స్టన్స్‌ను ఆ నగర ప్రజలే పట్టి టాంక్రెడ్‌కు అప్పగించారు. తనకు పోటీగా ఉన్న హక్కుదారు, వరసకు మేనత్త, తన చేతిలో బందీ. టాంక్రెడ్ ఆమెను గౌరవంగానే చూశాడు. పోప్ మూడో సెలెస్టిన్ ఒత్తిడి మీద 1192లో ఆమెను రోమ్‌కు పంపగా, దారిలో చక్రవర్తి మనుషులు అడ్డుపడి తమవెంట తీసుకుపోయారు. ఆమెను తన దగ్గరే ఉంచుకుని బేరమాడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, టాంక్రెడ్ చేజారిన అతి పెద్ద అవకాశం అదే.

తన వంశాన్ని స్థిరపరచడానికి అతను తాత చేసిన పనే చేశాడు. పెద్దకొడుకు రోజర్‌ను సహరాజుగా పట్టం కట్టించి, బైజాంటియం చక్రవర్తి రెండో ఐజాక్ కూతురు ఇరీన్‌తో పెళ్లి చేశాడు. మూడో రోజర్ అని పట్టికల్లో కొన్నిచోట్ల కనిపించి కొన్నిచోట్ల కనిపించని రాజు ఇతనే. తండ్రి బతికుండగానే 1193 డిసెంబరులో చనిపోవడం వల్ల కొందరు అతన్ని లెక్కించరు. రెండు నెలలు తిరక్కుండానే, 1194 ఫిబ్రవరి 20న టాంక్రెడ్ కూడా కన్నుమూశాడు. పసివాడు మూడో విలియం రాజు, తల్లి సిబిల్లా అతని సంరక్షకురాలు. క్రూసేడ్ నుంచి తిరిగివస్తూ పట్టుబడిన రిచర్డ్ అదే నెలలో హెన్రీ చెర నుంచి విడుదలయ్యాడు. అందుకు ఇంగ్లండ్ చెల్లించిన సొమ్ముతో హెన్రీ సైన్యం సమకూర్చుకున్నాడు. నవంబరు 20న పలెర్మోలో ప్రవేశించాడు. పిల్లవాడికి లెచ్చె, టరంటో ఇస్తామన్న మాట మీద సిబిల్లా లొంగిపోయింది. 1194 డిసెంబరు 25న, రెండో రోజర్ కిరీటం పెట్టుకున్న రోజుకు సరిగ్గా 64 ఏళ్లకు, హెన్రీ పలెర్మోలో రాజయ్యాడు. నాలుగు రోజుల్లోనే కుట్ర బయటపడిందని ప్రకటించి తల్లినీ పిల్లలనూ జర్మనీకి తరలించాడు. మూడో విలియం అక్కడే చిన్నవయసులో కనుమరుగయ్యాడు.

ఇక పట్టిక ఎక్కడ ముగియాలన్నది మిగిలింది. ఆ పట్టాభిషేకపు మరునాడే, డిసెంబరు 26న, పలెర్మోకు ప్రయాణంలో ఉన్న కాన్‌స్టన్స్ యేసి పట్టణంలో ఫ్రెడరిక్‌ను కన్నది. ఆమెకు 40 ఏళ్లు, అదే తొలి కాన్పు. బిడ్డ ఆమెదేనా అన్న అనుమానాలు వచ్చాయి. ఊరి నడుమ గుడారం వేయించి అందరి ఎదుటా ప్రసవించిందన్న కథ తరువాతి కాలంలో పుట్టింది. 1197 సెప్టెంబరు 28న హెన్రీ మెస్సీనాలో చనిపోగానే ఆమె భర్త తెచ్చిన జర్మన్ అధికారులను వెళ్లిపొమ్మని ఆదేశించి, తండ్రి రాజ్యానికి వారసురాలిగా తానే పాలించింది. మూడేళ్ల కొడుకును రప్పించి 1198 మే 17న పలెర్మోలో సిసిలీ రాజుగా పట్టం కట్టించింది, అతని జర్మన్ రాజ్యపు హక్కును మాత్రం పక్కనపెట్టింది. పిల్లవాడి సంరక్షణను పోప్ మూడో ఇన్నోసెంట్‌కు అప్పగించి ఆ ఏడు నవంబరు 27న కన్నుమూసింది.

మగసంతతి మాత్రమే లెక్క అనేవారు 1194లో మూడో విలియంతో గీత గీస్తారు. భర్త పేరే ముఖ్యమనేవారు ఆరో హెన్రీని చేర్చి అతని జర్మన్ వంశమైన హొహెన్‌స్టాఫెన్ వంశం మొదలైందంటారు. నా లెక్కలో చివరి ఓట్‌విల్ పాలకురాలు కాన్‌స్టన్స్. ఆమె రాణి అయింది భర్త వల్ల కాదు, రెండో రోజర్ కూతురు కావడం వల్ల. మీ పట్టికలో రెండో రోజర్, మొదటి విలియం, రెండో విలియం, టాంక్రెడ్, అతనితో సహరాజు మూడో రోజర్, మూడో విలియం, చివర కాన్‌స్టన్స్ అని రాసుకుని, హెన్రీ పేరును ఆమె పక్కన భర్తగా చేర్చుకోండి.